పడుగు కింద కొండగొర్రె

పోయిన వానాకాలం చివర్లో ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ హిందూపురంలో మా వీధికి వచ్చింది. భుజాన సంచి, కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రమట్టి. పేరు వర్ష. బెంగుళూరులో అడవి జంతువుల మీద చదువుకుంటోందట. తెలుగు బాగానే వచ్చు గానీ మధ్యమధ్య కన్నడం దొర్లుతుంది. మా ఊళ్లో అది ఎవరికీ వింత కాదు. నేను అప్పుడు ఒక చీర అంచు పువ్వు కోసం మగ్గానికి ఎక్కించే అట్టలకు ఎన్ని చిల్లులు గుద్దాలో లెక్క వేస్తున్నాను. నా పని అదే. ఏ చీరకు ఎన్ని పోగులు పడతాయి, ఏ పువ్వు ఎన్ని గళ్లలో ఇముడుతుంది, జరీ ఎంత లాగుతుంది అని మగ్గాలవాళ్లు అడుగుతారు, నేను చెప్తాను. ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని. ఈ లెక్క నాకు ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు, తప్పులు పోయి పోయి వచ్చింది. లెక్క మధ్యలో ఎవరైనా పలకరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల అది కనిపెట్టినట్టు, నేను పెన్సిలు కింద పెట్టేదాకా గడప బయటే నిలబడింది. అందుకే లోపలికి పిలిచాను.

ఫోనులో ఒక బొమ్మ చూపించింది. గోధుమ రంగు, పుల్లల్లాంటి కాళ్లు, మేక కంటే ఏమంత పెద్దది కాదు. చెవుల మధ్య రెండు కొమ్ములు. వాటికి ముందు, కనుబొమలకు పైన, ఇంకో రెండు పొట్టి కొమ్ములు. "నాలుగు కొమ్ముల జింక అక్కా. అడవి వదిలి బయటికి రాదు, మందలో తిరగదు. దేశం మొత్తంలోనే తగ్గిపోతున్నాయి. ఈ వైపు అసలున్నాయో లేవో ఎవరికీ తెలియదు" అంది. తలుపుల, మడకశిర, అమరాపురం ఊళ్లు తిరిగి వచ్చిందట. అడిగిన చోటల్లా జింకను చూశామంటారు, దుప్పిని చూశామంటారు, దీన్ని మాత్రం చూడలేదంటారు. పెనుకొండలో ఒక ముసలాయన, వెనకటికి ఎవరింట్లోనో మగ్గం గుంతలో పడిందని విన్నాను, ఆ ఇంటి పిల్ల హిందూపురంలో ఉంది అని చెప్పాడట.

"ఆ పిల్లను నేనే" అన్నాను.

వర్ష గబగబా సంచిలోంచి కాగితాలు తీసింది. ఆమెకు కావలసినవి ఊరు, చోటు, కాలం. అవి చెప్పి పంపించాను. ఆమె వెళ్లాక మళ్లీ అట్టల లెక్క ముందు కూచున్నాను గానీ ఆ రోజుకు ఇక అది సాగలేదు.

మా ఇల్లు పెనుకొండలో కొండ కింది చివరి వీధిలో ఉండేది. ముందు వాకిలి ఊరి వైపు, వెనక వాకిలి కొండ వైపు. మధ్యలో మగ్గం సాల. ఆ ఇల్లు తలుచుకుంటే ముందు నాకు వాసనే వస్తుంది: గంజి వాసన, తడిసిన పట్టుకు ఉండే ఒకరకమైన పచ్చి వాసన, వాటి కింద మగ్గం గుంతలోంచి వచ్చే చల్లని మట్టి వాసన. గుంత నడుము లోతు. నేసే మనిషి గట్టు మీద కూచుని కాళ్లు గుంతలోకి దించి, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతాడు. చెక్కలకు కట్టిన తాళ్లు పైకి పోయి పడుగు పోగులను పైకీ కిందికీ ఆడిస్తాయి. గుంత మీదుగా పట్టు పడుగు నీళ్ల మీది ఎండలా పరుచుకుని, వెనక కంబానికి తాడుతో బిగించి ఉంటుంది. నేను ఎప్పుడూ పక్కన కూచుని అడ్డపోగును అటూ ఇటూ మోసే అంచు నాడె అందించేదాన్ని. మా అవ్వ తెల్లవారి లేచి దేవుడి కంటే ముందు మగ్గానికి దీపం చూపించేది. తర్వాత గుంతలోకి వంగి, తేళ్లు ఉంటాయని చీపురుతో నాలుగు మూలలా తట్టేది. ఆ తట్టుడు చప్పుడుకే నేను నిద్ర లేచేదాన్ని.

ఆ సాలకు ఒక కట్టుబాటు ఉండేది. నేసే మనిషి కాళ్లు గుంతలో ఉన్నంతసేపు పరాయివాళ్లు సాల గడప దాటకూడదు. కాళ్లు మట్టిలో, చేతులు పట్టులో ఉన్న మనిషి లేచి ఎదురు రాలేడు, మర్యాద చేయలేడు, కాబట్టి వచ్చినవాళ్లే బయట ఆగాలి అని అవ్వ చెప్పేది. మా వీధిలో మగ్గం ఉన్న ప్రతి ఇంటికీ ఇదే వరస. ఎంత పెద్దమనిషి వచ్చినా మగ్గం చప్పుడు వింటే అరుగు మీద కూచునేవాడు. చప్పుడు ఆగి కాసేపయితే నేతగాడు లేచాడని అర్థం, అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఇదేమీ రాసి పెట్టుకున్నది కాదు. అందరికీ తెలుసు, అందరూ పాటించేవాళ్లు.

ఆ జంతువు పడిన ఏడు మగ్గం మీద ఉన్నది మా కమలత్త పెళ్లిచీర. కమలత్త నాయనకు చెల్లెలు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆమే. మా ఇంట్లో తరాలుగా పట్టు నేశారు గానీ ఇంటి ఆడవాళ్లు పట్టు కట్టింది లేదు. నేసినదంతా ధర్మవరం పోయేది. ఈ ఒక్క చీర మాత్రం ఇంటికి అని నాయన మాట ఇచ్చాడు. ఎర్రటి ఒళ్లు, ఆకుపచ్చ అంచు, అంచులో జరీ హంసలు. నేసేది కమలత్తే. పెళ్లి మాఘమాసంలో. కనుమ వచ్చేసరికి ఇంకా సగం కూడా కాలేదు. అందుకే పండగ పూట కూడా ఆమె మగ్గంలో కూచుంది. "పండగనాడు మగ్గమెక్కే ఆడదాన్ని నిన్నే చూస్తాండా" అని అవ్వ సణుగుతూనే పొయ్యి మీద మాంసం కూర ఎక్కించింది. నాయన తయారైన చీరలు తీసుకుని పొద్దున్నే ధర్మవరం బస్సెక్కాడు. ఇంట్లో మేం ముగ్గురమే.

కనుమనాడు మా ఊళ్లో పారువేట. దేవుణ్ణి పల్లకిలో కొండ కిందికి తీసుకుపోతారు. మగవాళ్లు కుక్కలతో, కట్టెలతో పొద్దున్నే కొండెక్కి పొదలు కొట్టుకుంటూ దిగుతారు. దొరికిన జంతువును పల్లకి ముందు పెట్టి ఊరేగిస్తారు. పొద్దు గుంకేలోగా పల్లకి గుడికి చేరాలి. చేరిందంటే ఆ ఏటికి వేట ముగిసినట్టే, ఆ తర్వాత కట్టె ఎత్తకూడదు. మామూలుగా కుందేలు దొరికేది. ఊరేగింపు అయ్యాక అది ఎవరి కుండలోకి పోయేదో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

పొద్దు బారెడెక్కాక కుక్కల అరుపు కొండ దిగి మా వీధి వైపు తిరగడం విన్నాం. వెలుతురు కోసం వెనక వాకిలి తెరిచి పెట్టాం. అందులోంచి గోధుమ రంగుది ఏదో వచ్చింది. నాకు కనబడింది అంతే. అది గోడకు తగిలి, జారి, పడుగు కిందికి దూరి, దబ్బుమని గుంతలో పడింది. మగ్గం మొత్తం ఒక్కసారి ఊగింది. కమలత్త "హా" అని చిన్నగా అంది, పెద్దగా అరవలేదు. కింద ఎవరో చేత్తో పట్టి లాగుతున్నట్టు తాళ్లు ఎగిరెగిరి పడ్డాయి, తర్వాత బిగిసిపోయి నిలిచాయి.

నేను నోరు తెరవబోతే అత్త వేలు చూపించింది. "అరవద్దే. అరిస్తే కొడ్తాది."

వంగి చూశాను. చీకట్లో ముందు ఒక కన్ను కనబడింది. తర్వాత అత్త మోకాలి పక్కన, చీర మడతకు ఆనుకుని, సూదుల్లాంటి కొమ్ములు. చెక్కల తాళ్లు వాటికి చుట్టుకుని ఉన్నాయి. జంతువు అత్త పాదాల మీదే పడి ఉంది.

అవ్వ పిండి చేతులతో వచ్చింది. "ఏందే అది, ఎవరి మేక?"

"మేక కాదమ్మా. కొండగొర్రె. నాలుగు కొమ్ములుండాయి."

"దాని దుంప తెగ! ఇది ఊళ్లోకి దిగొచ్చిందా?" అవ్వ గుంత మీదికి వంగింది. ఆమె వయసులో దాన్ని చూడటం అది రెండోసారట. "లేయ్, లేయ్. కాళ్లు బయటికి తీసుకో."

"యాడ తీసేది? నా కాళ్ల మీదనే పండింది. కదిలితే తొడలో దింపుతాది."

అంతలోనే వెనక వాకిట్లోకి కుక్కలు వచ్చాయి. నేను పరుగెత్తి తలుపు మూసి గొళ్లెం పెట్టాను. తలుపుకు అవతల గోళ్ల చప్పుడు. కాసేపటికి ముందు వాకిట్లో మనుషుల చప్పుడు. ముందున్నవాడు హనుమంతు. మా వీధివాడే, కొండ కింద రాళ్లు కొట్టే పని. వారానికి రెండుసార్లయినా మా ఇంటికి వచ్చి మజ్జిగ తాగి పోయే మనిషి. చెడ్డవాడని నేను రాయలేను. ఆ రోజు అతని ముఖం మాత్రం నాకు తెలిసిన ముఖం కాదు. చెమటతో, నవ్వుతో మెరిసిపోతోంది.

"ఏమవ్వా, మా జంతువు మీ ఇంట్లో దూరె. దేవుని సొమ్ము, ఇచ్చేయి."

"దూరితే దూరిందిలేప్పా. మగ్గంలో మనిషుండాది. ఆడనే ఉండు" అంది అవ్వ. జంతువును దాచాలని కాదు. మామూలుగా ఎవరొచ్చినా అనే మాటే అంది.

హనుమంతు గడప దగ్గర ఆగిపోయాడు. వెనకున్నవాళ్లూ ఆగారు. గుంతలో ఉన్నదాన్ని మెడలు సాచి చూశారు గానీ ఒక్క కాలూ లోపల పడలేదు. "సరేలే, లేచినంక వస్తాం. పండగ పూట గూడా నేస్తాండావే కమలా, పెండ్లికొడుకు పారిపోతాడా ఏమి?"

"పారిపోతే మీ కుక్కల్ని తోల్దువులే" అంది అత్త లోపల్నుంచి. అందరూ నవ్వారు. అత్త రెండు చేతులా గట్టును పట్టుకుని ఉండటం నాకు మాత్రమే కనబడింది, పక్కనే ఉన్నాను కాబట్టి.

వాళ్లు అరుగు మీద, వీధిలో వేపచెట్టు నీడన కూచున్నారు. అత్త నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. మగ్గం చప్పుడు ఆగకూడదు. ఆగితే వాళ్లు వస్తారు. కట్టెలు చూస్తే ఇది ఎగురుతుంది. ఎగిరితే ముందు తన కాళ్లు పోతాయి. చెక్కలు తొక్కడానికి లేదు, వాటి మీద జంతువు ఉంది. అందుకని అత్త కత్తెర తీసుకుని తాళ్లను నడిమికి కోసింది. కింది ముక్కలు కొమ్ములకు అట్లాగే ఉండిపోయాయి. పై కొసలు నా చేతికిచ్చింది. "నా కాళ్లు చేసే పని నీ చేతులు చెయ్యల్ల. ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. నాలుగోసారి లాగినాక అంచుది. మర్చిపోవద్దు. మెల్లగా లాగు, కిందికి చూడొద్దు."

నేను లాగాను. పోగులు విడిపోయాయి. అత్త నాడె విసిరింది. పోగును బిగించే అచ్చు లాగి కొట్టింది. ఆ చప్పుడుకు గుంతలో జంతువు ఒళ్లంతా అదిరింది. అత్త పెదవి కొరుక్కుని మళ్లీ నాడె విసిరింది. మళ్లీ చప్పుడు. మళ్లీ అదురు. అవ్వ పాత దుప్పటి తెచ్చి గట్టు మీదుగా కప్పింది, గుంత చీకటయింది. తర్వాత్తర్వాత ఆ అదురు తగ్గింది. చప్పుడుకు అలవాటు పడిందో, ఓపిక అయిపోయిందో తెలియదు. "గుండె నా కాలెముకకు కొట్టుకుంటాంది. ముందు తప్పెట మాదిరి ఉండె. ఇప్పుడు విడివిడిగా తెలుస్తాంది" అంది అత్త నాతో, నోరు కదపకుండా.

ఎంతసేపని అడిగితే గంటల్లో చెప్పలేను, ఇంట్లో గడియారం లేదు. నేసిన బట్టను బట్టి చెప్పగలను. జానకు కొంచెం ఎక్కువ. మామూలు రోజుల్లో అత్త అంతకు రెండింతలు నేసి ఉండేది. నా అరచేతులు ఎర్రగా కోసుకుపోయాయి. నోట్లోనే లెక్కపెట్టుకుంటున్నాను. కొమ్ము చెక్కకు గీసుకున్న చప్పుడు వచ్చినప్పుడల్లా లెక్క పోయేది. పోయిందని చెప్పడానికి భయం. ఊహించి లాగేదాన్ని. అంచులో హంస మెడ రావలసిన చోట మెడ లేదు. మరో హంసకు తల పుట్టలేదు. అత్త చూసింది. ఆమె కన్ను దాటి ఒక్క పోగు కూడా పోదు. చూసి, నాడె విసిరింది. తన పెళ్లిచీర తన చేతుల్లోనే పాడవుతుంటే ఆమె దానిమీదే ఇంకో పోగు వేసి అచ్చు కొడుతోంది.

పొద్దు వాలాక హనుమంతు మళ్లీ గడప దగ్గరికి వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. "కమలా, ఎంతసేపు కూచుంటావు తల్లీ? ఒక్క తాడు వేసి లాగేస్తాం. నీ కాలికి గోరంత గీత పడనీను. పల్లకి ఎదురు చూస్తాండాది."

"ఇంగ రవ్వంతే ఉండాదన్నా. ఈ అంచు అయిపోనీ."

"పొద్దున్నించీ అదే అంచా?"

నేను తాడు లాగాను. చప్పుడు సాగింది.

అవ్వకు ఓపిక నశించింది. అత్త పక్కన కూచుని గుసగుసగా తిట్టింది. "ఎవతివే నువ్వు, బుద్ధుందా? చీర చూడు ఎట్లయిందో. రేపు అత్తగారింట ఏం కట్టుకోని దిగుతావు? కాలు మెల్లగా ఈడ్చుకోని లేయ్. వాళ్ల జంతువు, వాళ్లేమన్నా చేసుకోనీ."

"పొద్దున నేనూ అట్లనే అనుకుంటినమ్మా. ఇప్పుడు కాలు ఈడ్చుకోవచ్చు. నిదానంగానే ఉండాది ఇది."

"మరి లేయవే!"

"లేస్తే వస్తారు." అత్త నాడె విసిరింది. "పొద్దుగాల్నుంచి నా కాళ్ల మీద పండుకున్నది వాళ్లదెట్లయితాదే?"

అప్పటిదాకా అత్త కాళ్ల గురించి భయపడుతున్నామనుకున్నాం ఇద్దరమూ. ఆ భయం ఎప్పుడు పోయిందో, దాని చోట్లో ఇది ఎప్పుడు వచ్చిందో అత్త కూడా చెప్పలేకపోయేదేమో. అవ్వ లేచి పోయి నీళ్లు తెచ్చి అత్తకు తాగించింది. మిగిలిన చెంబెడు నీళ్లు దుప్పటి ఎత్తి గుంతలో ఒక మూలకు పోసింది.

పల్లకి కదిలినట్టు తప్పెటలు వినబడ్డాయి. అరుగు మీద మనుషులు లేచి నిలబడటం, సందేహించడం, ఒకరినొకరు విసుక్కోవడం వినబడింది. ఎవడో "ఆడదాన్ని చూసి నిలబడుకోనుండాం, లోపలికి పోదాం పాండి" అన్నాడు. నా చేతిలో తాడు జారింది. ఒక దెబ్బ చప్పుడు లేకుండా పోయింది. గడప మీద నీడ పడింది. నేను రెండు చేతులా తాడు పట్టుకుని లాగాను, ఏ తాడో కూడా చూడలేదు. అచ్చు దెబ్బ పడింది. నీడ ఆగింది.

"మగ్గంలో ఉండాది కదరా" అంది హనుమంతు గొంతు. "మా అమ్మ గూడా మగ్గంలోనే బతికింది. పాండి, కుందేలన్నా చూద్దాం." పోతూ పోతూ లోపలికి వినబడేలా "మళ్లేటికి చూసుకుందాంలే కమలా, నువ్వు అత్తగారింట్లో ఉంటావు అప్పటికి" అన్నాడు.

మనుషులు పోయారు. తప్పెటలు గుడి వైపు పోయాయి. కుక్కలు మాత్రం వెనక వాకిట్లోనే ఉండిపోయాయి. మనుషులకు కట్టుబాటు తెలుసు, కుక్కలకేం తెలుసు? తలుపు సందులోంచి వాటి ఊపిరి వినబడుతోంది. అవ్వ వంటింట్లోకి పోయి, పొద్దుటినుంచి మాగిన కూరకుండను అట్లాగే రెండు చేతులా ఎత్తుకుని ముందు వాకిలి దాటి వీధి చివరకు పోయింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చూసే మాంసం అది. "బో, బో" అని ఆమె పిలవడం, కుక్కలు ఇల్లు చుట్టి పరుగెత్తడం విన్నాను.

అత్త నన్ను వెనక కంబం దగ్గరికి పంపింది. జంతువు పైకి ఎగరడానికి చోటుండాలని పడుగు తాడు వదులు చేయమంది. ఎప్పుడూ నాయన తప్ప ఎవరూ ముట్టని ముడి అది. పళ్లతో విప్పాను. బిగువుగా ఉన్న పట్టు నెమ్మదిగా కుంగింది. తాడు చేయి జారితే పడుగంతా చిక్కుపడుతుంది కాబట్టి ఒంటి బరువంతా వేసి పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అత్త దుప్పటి తీసి, వెనక తలుపు తెరిచి, మళ్లీ గుంత దగ్గరికి పాక్కుంటూ వచ్చినట్టుంది, ఆమె కాళ్లు మొద్దుబారి నిలబడలేకపోయాయి. కత్తెర చప్పుడు ఒకటి. రెండోది. ఆ వెంటనే గిట్టల చప్పుడు, పట్టు తెగిన చప్పుడు కలిసి వినబడ్డాయి. అది పాత గుడ్డ చిరిగినట్టు ఉండదు, సన్నగా కీచుమంటుంది. నా చేతిలో తాడు ఒక్క గుంజు గుంజింది. దాన్ని మళ్లీ కంబానికి కట్టి నేను తిరిగి చూసేసరికి గుంత ఖాళీ. ఆకుపచ్చ అంచు పోగులు తెగి గట్టు మీద వేలాడుతున్నాయి. అత్త వెనక గడప మీద బోర్లా పడుకుని, మోచేతుల మీద లేచి కొండ వైపు చూస్తోంది. ఎంతకీ లోపలికి రాలేదు.

దీపాల వేళకు నాయన ధర్మవరం నుంచి వచ్చాడు. మగ్గం చూశాడు. తెగిన పోగులను ఒక్కొక్కటే వేళ్ల మధ్య పెట్టి చూసుకున్నాడు. జరిగింది అవ్వ చెప్పింది. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "పాప చేతులు చూపించు." నా అరచేతులకు వెన్న రాశాడు. మరుసటి రోజు అవ్వా అత్తా కూచుని, బూడిద అద్దుకున్న వేళ్లతో తెగిన ప్రతి పోగునూ మెలిపెట్టి అతికారు. పాడైన జానెడును విప్పి మళ్లీ నేయడానికి పట్టు ఓర్చుకోదు, దాన్ని అట్లాగే వదిలేశారు. అత్త ఆ చీరతోనే పీటల మీద కూచుంది. అమరాపురం నుంచి వచ్చిన ఆమె అత్తగారు అంచు పట్టుకుని చూసి "ఏనమ్మా కమలా, మీ ఊరి హంసలకు తలకాయలుండవా?" అంది. అత్త తల దించుకునే చెప్పింది: "ఉంటాయత్తమ్మా, నీళ్లలో ముంచినాయి." ఆ ముసలామె పెళ్లి అయిపోయేదాకా నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు పెనుకొండ పోతే మా వీధిని గుర్తుపట్టడానికి నాకే కాసేపు పడుతుంది. మా ఇంటి చోట మూడంతస్తుల అద్దె గదులు. ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లలు ఉంటారు, షిఫ్టు మార్చి షిఫ్టు నిద్రపోతారు. గుంత ఉన్న చోట బైకులు పెడతారు. రాత్రంతా హైవే దీపాలు, లారీల మోత కొండకు తగిలి తిరిగొస్తుంది. హంస మెడ ఎన్నో పోగుకు తిరగాలో ఇప్పుడు కంప్యూటరు చెప్తుంది, అది తడబడ్డప్పుడే నా దగ్గరికి వస్తారు. పారువేట మానలేదు. పల్లకి ట్రాక్టరు మీద పోతుంది. చట్టం ఒప్పుకోదని, పంజరంలో పెంచిన తెల్ల కుందేలును కొనుక్కొచ్చి కొండ కింద వదులుతారు. దానికి పరుగెత్తడం తెలియదు. ట్రాక్టరు చక్రాల పక్కనే కూచుని చెవులు ఆడిస్తుంది. ఎవరో మళ్లీ ఎత్తి పంజరంలో పెడతారు. ఏ ప్రాణానికీ హాని లేని ఆ వేటను పోయిన ఏడు నేను చూశాను. కుక్కల అరుపు విని ఒళ్లు జలదరించిన ఆ కనుమే నయమని అనను. కానీ ఆ రోజు వేటాడటానికి కొండ మీద ఏదో ఒకటి ఉంది.

వర్ష వచ్చిపోయిన వారానికి నేను అమరాపురం పోయాను. కమలత్త వరండాలో కూచుని చింతపండు గింజ తీస్తోంది. వెంట్రుకలు తెల్లబడ్డాయి గానీ వేళ్లు ఇంకా నేతగత్తె వేళ్లే, చూడకుండానే పని చేస్తాయి. జరిగినదంతా చెప్పాను. ఆ పిల్ల కాగితం మీద 'మగది, ఒకటి' అని రాసుకుందని కూడా చెప్పాను.

"ఒకటని ఎవరు చెప్పిరి?"

"నేనే."

"నువ్వు యాడ చూసినావే? కంబం దగ్గర గోడకు తిరుక్కోని ఉంటివి కదా." చింతపండు పక్కకు జరిపింది. "కొండ పైన పెద్ద రాతిగుండు పక్కన ఇంగోటి నిలబడి ఉండె. కుక్కలు తిరుగుతాంటే గూడా పారిపోలేదు అది. పొద్దంతా ఆడనే ఉండెనేమో. ఇది పోయినంక రెండూ కలిసి పైకి పోయినాయి."

"ఇన్నేండ్లూ చెప్పలేదే అత్తా?"

"ఎవరికి చెప్పేది? హనుమంతు వారం వారం మజ్జిగకు వస్తాండె. మీ అవ్వ నోట్లో ఏదీ నిలిచేది కాదు. నువ్వు పసిపిల్లవు. మా ఇంటాయనకు గూడా చెప్పలేదు నేను. వాళ్లు ఒకటే అనుకుంటే ఒకదానికోసమే ఎతుకుతారు."

"మరి ఇప్పుడు ఆ అమ్మాయికి చెప్పల్లా, వద్దా?"

అత్త చీర కొంగుతో వేళ్లు తుడుచుకుంది. "ఆ గుండును పగలగొట్టి కంకర తోలినారంట కదా. హనుమంతు కొడుకే చెప్పినాడు. చెప్పుపో. ఇంగ దాచి ఎవర్ని కాపాడేది?"

అక్కడినుంచే ఫోను చేశాను. రెండు అని చెప్పాను. అవతల కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. వర్ష గొంతు మారిపోయింది. "రెండోదానికి కొమ్ములున్నాయా అడగండక్కా, కొంచెం జాగ్రత్తగా గుర్తు చేసుకోమనండి." ఫోను అత్త చేతికిచ్చాను.

"లేవమ్మా" అంది అత్త. "అది సూడిది. కడుపు ఇట్ల ఉండె." ఫోనులో అవతలి మనిషికి కనబడదని ఆమెకు తెలుసు. అయినా ఎడమ చెయ్యిని గాలిలో కొంచెం వంచి, ఆ కడుపు ఎంత కిందికి దిగి ఉండెనో చూపిస్తూ, చాలాసేపు అట్లాగే ఉంచింది.